ఊపిరి తాగే మేడ

విశాఖపట్నంలో ఓడరేవు దాటి బీచి రోడ్డెక్కితే ఎడంపక్కన ఒక ఎత్తైన మేడ కనబడుతుంది. కంపెనీ కాగితాల్లో దానికి వేరే పేరుంది గానీ, ఆ పేరు చెబితే ఆటోవాళ్ళు మొహమొహాలు చూసుకుంటారు. ఊరందరికీ అది తెరచాప మేడ. సముద్రం వైపు పొట్ట ఉబ్బించి, కొండ వైపు వీపు వంచి, గాలి నిండిన తెరచాపలాగే ఉంటుంది మరి. ఓడల కంపెనీ పెద్దాఫీసు ఓడను తలపించాలని ముచ్చటపడింది యజమాని కొడుకు భూపతి. ముచ్చట పడటం ఒక పూటలో అయిపోయింది. కట్టడానికి మాత్రం ఏళ్ళు పట్టింది. ఎందుకంటే ఆ గోడలు సిమెంటు గోడలు కావు, సున్నపు గోడలు. అదీ ప్రాణమున్న సున్నం.

ఆ సున్నం చేసింది నూకరత్నం. భీమిలి అవతల చిన్న పల్లె ఆవిడది. ఒడ్డున గుల్లలేరి, బట్టీ పెట్టి, సున్నం కాల్చి అమ్ముకునే కుటుంబం. ఆ బట్టీ పొగలో కళ్ళు తుడుచుకుంటూ చదివింది, ఇంక చాల్లేవే అని అందరూ అన్నాక కూడా చదివింది, చివరికి డాక్టరు నూకరత్నమై యూనివర్సిటీలో సొంత పరిశోధనశాల పెట్టుకుంది.

సముద్రపు రాళ్ళకి పట్టే గరుకు పొరలో కంటికానని జీవి ఒకటుందని ఆవిడ కనిపెట్టింది. దాన్ని గుల్ల సున్నంలో కలిపితే సున్నం రాయవడమే కాదు, చీలిన చోట తనంతట తానే అతుక్కునేది. అయితే దాని బుద్ధి నిలకడైనది కాదు. ఒకసారి అతుక్కునేది, ఒకసారి పిండిలా రాలేది. ఎందుకో అంతుబట్టక ఆవిడ రెండిటుకలు చేసింది. ఒకదాన్ని అద్దాల పెట్టెలో పసిబిడ్డలా దాచింది. రెండోదాన్ని, పోతే పోయింది లెమ్మని, టీ బల్ల మీద కాగితాలెగరకుండా బరువుకి పడేసింది.

ఆ టీ బల్ల చుట్టూ పొద్దస్తమానం జనమే. ఒకరు పెళ్ళిసంబంధం గురించి, ఇంకొకరు అత్తగారి గురించి, అందరూ కలిసి పై అధికారి గురించి. వర్షాలు వెలిసేసరికి అద్దాల పెట్టెలో ఇటుక వేళ్ళతో నలిపితే నలిగిపోయింది. టీ బల్ల మీది ఇటుకని సుత్తితో కొడితే సుత్తి పిడి విరిగింది.

అప్పటికి గానీ తెలియలేదు. మనం వదిలే ఊపిరిలో బొగ్గుపులుసు గాలి ఉంటుంది గదా, అదే ఆ జీవికి తిండి. బయట గాలిలో ఆ తిండి పల్చన. మనుషులు గుమిగూడి కబుర్లాడే చోట చిక్కన. ఊపిరి తిని, సున్నాన్ని రాయి చేసి, అందులోనే కాపురముంటుంది ఆ జీవి.

ఇంటికొచ్చి ఈ సంగతి చెబితే, రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ నడిపే మొగుడు జోగినాథం చేపల పులుసు కలుపుతూ నవ్వాడు. "అయితే ఏటంటావు రత్నం, నీ గోడలు మనుషుల కబుర్లు తిని బతుకుతాయంటావు. మా అప్పని ఓ వారం కూకోబెట్టు, కోట లేస్తాది." అప్పంటే అతని అక్క, నోరు మూతపడని మనిషి.

భూపతి చెవిన పడింది ఈ కబురు. అతను స్వయంగా వచ్చి ఆ టీ బల్ల దగ్గర కూర్చుని, ఇటుకని అటూ ఇటూ తిప్పి చూసి, తన మేడ దీంతోనే కట్టాలన్నాడు. సముద్రం ఒడ్డున కట్టిన ప్రతి మేడకీ ఉప్పుగాలి జబ్బే. ఇనుము ఉబ్బుతుంది, సిమెంటు పెచ్చులూడుతుంది. ఉప్పు ఎంత తింటే అంతా రోజూ పూడ్చుకునే గోడ దొరికితే ఎవరు కాదంటారు?

నక్షా ఇద్దరూ కలిసి గీయించారు. లోపల ఇనుప చట్రం ఉంటుంది, దాన్ని కప్పి కాపాడేది ఈ సున్నం. ప్రతి అంతస్తులోనూ పైకప్పు అంచుల్లో సన్నటి చీలికలు. మనుషులు వదిలిన వేడి ఊపిరి కొంత ఆ గది గోడలే తాగుతాయి, మిగతాది ఆ చీలికల్లోంచి మేడ నైరుతి మూలనున్న పెద్ద గొట్టంలోకి చేరుతుంది. నైరుతి మూలే ఎందుకంటే, మధ్యాహ్నపు ఎండంతా అక్కడే కాస్తుంది. ఎండకి గొట్టం వేడెక్కుతుంది, వేడెక్కితే లోపలి గాలి పైకి లాగుతుంది, యంత్రం లేకుండా, కరెంటు లేకుండా. ఆ గొట్టంలోంచి నరాల్లాంటి దారులు గోడలన్నిట్లోకీ పోతాయి. అంటే మేడకి అది గొంతు అనుకోండి.

మొదటి ఏడు ఆ మేడకి పెళ్ళి కళ. కాలేజీ పిల్లలు బస్సుల్లో వచ్చి గోడలకి చెవులానించి వినేవాళ్ళు, ఏమీ వినబడకపోయినా వినబడిందనేవాళ్ళు. ముప్ఫై ఒకటో అంతస్తులో సముద్రం వైపు గది భూపతిది. అతని గొంతు మహా పెద్దది. ఫోనులో నడిసముద్రంలోని కెప్టెన్లతో మాట్లాడుతుంటే, బాబుగారికి ఫోనెందుకు, కిటికీ తీస్తే చాలునని గుమాస్తాలు నవ్వుకునేవారు. నూకరత్నాన్ని అక్కా అని పిలిచేవాడు. ఆవిడ పల్లెలో ఇదే సున్నంతో తుఫానుకి తలదాచుకునే పెద్ద సావడి కట్టిస్తానని మాటిచ్చి, పునాది కూడా వేయించాడు.

ఆ ఏడాది చివర్లో వచ్చిన తుఫానులో కంపెనీ ఓడ ఒకటి ఇసుకదిబ్బకి చిక్కుకుంది. అందులోవాళ్ళని తేవడానికి పడవ పంపించి ఒడ్డున నిలబడే మనిషి కాదు భూపతి. తనూ ఎక్కాడు. ఓడలోవాళ్ళు బయటపడ్డారు. భూపతి రాలేదు.

తండ్రి విశ్వనాథరాజు గారు అప్పటికే పెద్దరికం కొడుక్కప్పగించి ఇంటిపట్టునున్న మనిషి. మళ్ళీ వచ్చి కుర్చీలో కూర్చోవలసి వచ్చింది. కొడుకు గదికి తాళం వేయించి, తాళంచెవి జేబులో వేసుకున్నారు. నూకరత్నం పరామర్శకి వెళితే కూర్చోమన్నారు, మంచినీళ్ళిప్పించారు, ఒక్క మాట మాట్లాడలేదు. తర్వాత కంపెనీ వాళ్ళు ఆవిడని పిలవనూ లేదు, ఆవిడ వెళ్ళనూ లేదు. తన పల్లెలో సావడి పనిలో పడిపోయింది.

రెండు వర్షాకాలాలు గడిచాక తెరచాప మేడ గోడల నుంచి పిండి రాలడం మొదలైంది.

మొదట బల్లల మీద తెల్లటి దుమ్ము. తుడిస్తే మళ్ళీ. తర్వాత మెట్ల దగ్గర పెచ్చులు. ఒకనాడు సముద్రం వైపు గోడలోంచి తలుపంత ముక్క కింద పూలతోటలో పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు గానీ, పేపర్లలో పడింది. ప్రభుత్వం పరీక్షకి పెద్ద ఇంజనీర్లని పంపింది. వాళ్ళు చూసి, ఈ సున్నం ఉప్పుగాలికి నిలిచే సరుకు కాదని, తుఫానుల కాలం రాకముందే మేడ ఖాళీ చేయించి కూల్చాలని తేల్చారు. దీంతో కట్టినవి ఇంకేమున్నాయని అడిగితే, భీమిలి అవతల ఇంకా పైకప్పు పడని సావడి పేరొచ్చింది. అదీ కూల్చాల్సిందేనన్నారు.

నూకరత్నానికి అన్నం సహించలేదు. తన సున్నం తప్పయితే తనే ఒప్పుకోవాలి, మనుషుల నెత్తిన పడేదాకా పట్టు పట్టకూడదు. మర్నాడే వెళ్ళి ఒప్పేసుకుంటానంది. జోగినాథం ఆవిడ కంచం వైపు చూసి, తర్వాత ఆవిడ వైపు చూశాడు.

"ఒప్పుకుందువుగాని. బిడ్డ సచ్చిపోనాదన్నారని సూడకుండానే ఏడిసేత్తావేటి? ముందెళ్ళి సూడు."

అలా వెళ్ళింది. చేతిసంచీలో ఒక పొడుగాటి మేకు. అంతస్తు అంతస్తుకీ ఎక్కి గోడ మీద గీసి చూసింది. గీసిన చోటల్లా పిండి. పదో అంతస్తు, పన్నెండో అంతస్తు, పిండే. ప్రాణం ఉసూరుమంది. కాళ్ళు లాగి, దిగివస్తూ తొమ్మిదో అంతస్తులో ఉద్యోగినుల పిల్లల్ని ఉంచే గది కనబడితే కాసేపు కూర్చుందామని వెళ్ళింది. లోపల సంతలా ఉంది. ఒకడు ఏడుస్తున్నాడు, ఒకతె పాడుతోంది, ఇద్దరు బొమ్మ రైలు కోసం జుట్లు పట్టుకున్నారు. ఆయా పైడితల్లి వచ్చి కుర్చీ వేసి, నిద్రపోయేటప్పుడు కూడా ఈళ్ళ నోళ్ళు మూతపడవు మేడమ్‌గారూ అని మొర పెట్టుకుంది.

నూకరత్నం అలవాటుగా పక్క గోడ మీద మేకుతో గీసింది. గీత పడలేదు. గట్టిగా నొక్కి గీసింది. మేకు మొన వంగింది.

ఆవిడ లేచి నాలుగు గోడలూ గీసింది. ఒక్క రేణువు రాలలేదు. పిల్లలు అల్లరి మాని ఈ పెద్దావిడ గోడలు గోకడం చూస్తున్నారు. ఆ గోడలు కట్టిననాటికన్నా గట్టిగా ఉన్నాయి. సున్నం చావలేదు. తిండి దొరికిన చోట ఏనుగులా ఉంది, దొరకని చోట మాడి చస్తోంది. మేడ నిండా మనుషులుండగా ఊపిరెందుకు అందట్లేదు?

మేడ బాగోగులు చూసే మేనేజరు గౌరీపతిని పట్టుకుంది. గొట్టం ఎలా ఉందంటే బాగానే ఉందండి అన్నాడు. చూస్తానంటే ఇవాళ కుదరదండి అన్నాడు. ఆవిడ వినకుండా కింది అంతస్తులో నైరుతి మూలకి నడిచింది. గొట్టం తలుపుండాల్సిన చోట కొత్త గోడ, దాని ముందు ఇత్తడి దీపస్తంభం. గౌరీపతి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ నిలబడ్డాడు. చెప్పకుండా ఉండలేకపోయాడు.

భూపతి పోయిన నెలకి రాజుగారింటికి కామేశ్వర సిద్ధాంతి వచ్చాడట. మేడ నక్షా చూసి, ఇంటికి నైరుతి బరువుగా, ఎత్తుగా, మూసుకుని ఉండాలి గదా, అక్కడ ఇంత కన్నం పెట్టుకుంటే ఇంటి పెద్దకొడుక్కి గండమని శాస్త్రం చెబుతోందని అన్నాడట. అంతే. ఆ ఆదివారమే అడుగు నుంచి రెండంతస్తుల మేర నల్లరాళ్ళు పేర్పించి, గొట్టం పైన కూడా పలక మూయించారు. ఆఫీసుల్లో గాలాడటానికి ఫ్యాన్లు పెట్టించారు. ఆ ఫ్యాన్లు మనుషుల ఊపిరినంతా ఊడ్చి సముద్రం మీదకి తోసేస్తున్నాయి. పిల్లల గదిలో మాత్రం చంటివాళ్ళకి జలుబు చేస్తుందని ఫ్యాను పెట్టనివ్వలేదు పైడితల్లి.

"ఆఫీసర్లకి చెప్పకండి మేడమ్," అన్నాడు గౌరీపతి. "చెబితే వాళ్ళు గొట్టం తెరవమంటారు, రాజుగారు తెరవరు. మేడ కూల్చుకోమంటారు. కొడుకుని తిన్న మేడ ఎప్పుడు పోతుందా అని చూస్తున్నారాయన."

నూకరత్నం ఆ రోజు ఇంటికి బస్సులో పోకుండా సముద్రం వెంబడి నడిచి వెళ్ళింది. కోపం రావలసింది, రాలేదు. కన్నకొడుకు పోయినప్పుడు ఎవరో ఒకరు, ఇదిగో దీనివల్ల అని చూపిస్తే, ఆ దాన్ని మూసేయని తండ్రి ఉంటాడా? అలాగని ఊరుకుంటే పల్లెలో సావడి పోతుంది. వచ్చే తుఫానుకి ఆ పల్లెలో జనం మళ్ళీ తాటాకు గుడిసెల్లో ఉంటారు. ఆలోచిస్తూ ఆలోచిస్తూ నడుస్తుంటే భూపతి గది గుర్తొచ్చింది.

రాజుగారింటికి వెళ్ళి, బాబుగారి గది తాళం ఒక్కసారి తీయమని అడిగింది. ఆ కన్నం మూయించిన సంగతి తెలిసిపోయిందన్నమాట అన్నారాయన. తెలిసిందండి అంది. దాన్ని తెరవమని అడగడానికైతే రావద్దన్నారు. గది చూపించండి చాలు, ఆ తర్వాత మీ ఇష్టం అంది ఆవిడ. ఆ మీ ఇష్టం అన్న మాటకి మెత్తబడి, తాళంచెవి తీసుకుని లేచారు.

రెండేళ్ళుగా మూసిన గది. బల్ల మీద ఓడ బొమ్మ, కుర్చీ వెనక సముద్రం. కిటికీ పక్కన గోడ మూల ఒక పెచ్చు ఊడి ఉంది. నూకరత్నం కొంగుతో దుమ్ము తుడిచి ఆయన్ని దగ్గరికి పిలిచింది. ఊడిన చోట గోడ లోపలి పొరలు కనబడుతున్నాయి, గుల్ల మీద గీతల్లా, ఒకదాని మీద ఒకటి.

"ఇదిగో ఈ పైన పల్చటిది, ఇది ఇప్పటిది. తిండి లేక ఇలా అయిపోయిందండి. దీని కిందది చూడండి, బొటనవేలంత మందం. అది మొదటి ఏడాది పొర. ఈ మేడ మొత్తంలో ఇంత మందం పొర ఇంకెక్కడా లేదు."

"ఎందుకని?" అన్నారాయన.

"ఈ గదిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మాట్లాడేవారు గదండీ ఆయన. ఆ ఊపిరంతా ఇక్కడే రాయయింది. నేను ఏదో ఓదార్పుకి అంటున్నది కాదండి, రసాయనం అంతే. బాబు వదిలిన గాలి ఈ రాయిలో ఉంది. మేడ కూలిస్తే లారీల్లో పోతుంది."

విశ్వనాథరాజు గారు ఆ పొర మీద వేలు పెట్టారు. పెట్టిన వేలు తీయలేదు. వీడు చిన్నప్పుడు కూడా ఇంతేనమ్మా, భోజనం దగ్గర కూడా నోరు మూసేవాడు కాదు అన్నారు. నూకరత్నం కిటికీ వైపు తిరిగి ఓడలు చూస్తూ నిలబడింది, ఆయన కళ్ళు తుడుచుకునేదాకా.

అయినా ఆయనకి భయం పోలేదు. ఇంట్లో భూపతి కూతురు, నాలుగేళ్ళ లాస్య ఉంది. మళ్ళీ తెరిస్తే ఆ పిల్లకేమైనా అయితే? సిద్ధాంతి గారిని అడగాలన్నారు. నూకరత్నం అడగండి, నేనూ ఉంటానంది.

కామేశ్వర సిద్ధాంతి వచ్చాడు. మూర్ఖుడేమీ కాదు, పెద్దమనిషి. మేడ పిండి రాలుతున్న సంగతి అతన్నీ నిద్రపోనివ్వడం లేదని మొహం చూస్తేనే తెలిసింది. నూకరత్నం అతనితో వాదం పెట్టుకోలేదు. నైరుతి బరువుగా ఉండాలి, అంతేనాండీ అని అడిగింది. అంతేనమ్మా అన్నాడు. ఆ గొట్టం గోడలు ఊపిరి తింటున్నంత కాలం ఏటికేడు మందమెక్కుతాయని, మేడలో మనుషులు ఎంతగా మాట్లాడితే ఆ మూల అంత బరువవుతుందని, మీరు పెట్టించిన నల్లరాళ్ళు మాత్రం పెట్టిన నాటి బరువే ఉంటాయని చెప్పింది.

సిద్ధాంతి పంచాంగం మూసి తొడ మీద పెట్టుకున్నాడు. "అంటే దినదినం బరువెక్కే నైరుతి అన్నమాట."

"అవునండి."

"నా అనుభవంలో ఇలాంటిది చూడలేదు రాజుగారూ. ఇది కన్నం కాదు. నేను చూసిన తీరే తప్పు. రాళ్ళు తీయించండి, దోషం లేదు." పంచాంగం మళ్ళీ తెరుస్తూ అన్నాడు. "ముహూర్తం మాత్రం నేనే పెడతాను."

నల్లరాళ్ళు బయటికొచ్చాయి. పైన పలక తొలగింది. మధ్యాహ్నం ఎండ తగలగానే గొట్టం బుస్సుమని గాలి లాగింది. ఫ్యాన్లు ఊడదీశారు. కానీ రెండేళ్ళ ఆకలి ఆఫీసు గుమాస్తాల ఊపిరితో తీరేది కాదు. తుఫానుల కాలం ముంచుకొస్తోంది. రాజుగారు అడిగితే కూల్చేముందు ఇంకోసారి చూస్తామన్నారు ఇంజనీర్లు, వాళ్ళొచ్చేలోపు గోడలు కోలుకోవాలి. ఏం చేద్దామా అని తలపట్టుకుంటే, ఉపాయం జోగినాథం చెప్పాడు. ఊపిరే కావాలంటే తప్పెటగుళ్ళ వాళ్ళని పిలవమన్నాడు. గుండెల మీద తప్పెట్లు కట్టుకుని, గెంతుతూ, పాడుతూ, ఒకరి భుజాల మీద ఒకరెక్కుతూ, ఆట అయ్యేసరికి కమ్మరి తిత్తుల్లా ఆయాసపడేవాళ్ళు వాళ్ళని మించి ఎవరున్నారన్నాడు.

పిలిచారు. విజయనగరం వైపు నుంచి ఒక జట్టు, శ్రీకాకుళం వైపు నుంచి ఒక జట్టు. పిండి రాలినా కూలే భయంలేదని నూకరత్నం మేకుతో గీసి తేల్చిన అంతస్తుల్లోనే ఆట. కంప్యూటర్లు పక్కకి జరిపారు. రెండు జట్లకీ పోటీ పెరిగింది. మీవాళ్ళు ఆడిన గోడ మెత్తగా ఉందంటే మీవాళ్ళు ఆడింది మెత్తగా ఉందని ఎగతాళి. చూడటానికి ఉద్యోగుల ఇంటివాళ్ళంతా వచ్చారు. అమ్మమ్మలు, తోడికోడళ్ళు, చంటిపిల్లలు. వచ్చినవాళ్ళు ఊరుకుంటారా, కబుర్లు. అన్నిటికన్నా ఎక్కువ ఊపిరి కబుర్లలోనే వచ్చిందని కొలిచి చూసి నూకరత్నం నవ్వుకుంది. జోగినాథం వాళ్ళ అప్ప కూడా వచ్చింది. ఆవిడ కూర్చున్న గోడని ప్రత్యేకంగా చూడమని అతను భార్యకి చెబుతూనే ఉన్నాడు.

ఇంజనీర్లు మళ్ళీ వచ్చేనాటికి పిండి రాలడం ఆగిపోయింది. గోడల్లో పగుళ్ళు సన్నటి తెల్లగీతలై పూడుకున్నాయి. వాళ్ళు యంత్రాలు పెట్టి చూశారు, సుత్తులతో కొట్టి విన్నారు. మేడ నిలవొచ్చన్నారు. ఏటా పరీక్ష చేయించాలని, ఆ గొట్టాన్ని మళ్ళీ ఎవరూ మూయకూడదని షరతు పెట్టారు. నూకరత్నం అది సరైన షరతే అంది. గొట్టం మూస్తే మాడిపోయే గోడని తనే కట్టింది, ఆ సంగతి తలుపు మీదే రాయించి ఉండాల్సింది. పల్లెలో సావడికి ఆ నెల్లోనే పైకప్పు పడింది. దానికి గొంతు గొట్టం ఎక్కడుందో, ఎందుకుందో బడి పిల్లలకి కూడా చెప్పించింది ఆవిడ.

విశ్వనాథరాజు గారు కొడుకు గది తాళం మళ్ళీ వేయలేదు. పిల్లల గది ఒకటి చాలదని, ఆ ముప్ఫై ఒకటో అంతస్తులోనే రెండోది తెరిపించారు. తనూ అక్కడే ఒక మూల కుర్చీ వేసుకున్నారు. పొద్దున రాగానే కిటికీ పక్క గోడ దగ్గర వంగి, ఏ ఓడ ఏ రేవులో ఉందో, ఎక్కడ వాన పడుతోందో గోడకి చెప్పేవారు. చూసినవాళ్ళు చూడనట్టు తప్పుకునేవారు.

ఒకనాడు నూకరత్నం ఏటా చేసే పరీక్షకి వచ్చి గుమ్మంలో ఆగింది. లాస్య తాతగారి చొక్కా పట్టుకుని లాగుతోంది.

"తాతా, గోడతో ఎందుకు మాట్లాడుతున్నావు?"

"మీ నాన్నకి ఓడల సంగతులు చెబుతున్నానమ్మా."

"నాన్న ఇందులో ఉన్నారా?"

ఆయన తడబడ్డారు. గుమ్మంలో నూకరత్నాన్ని చూశారు.

"మీ నాన్న మాట్లాడిన మాటలున్నాయమ్మా. మాటలతో వచ్చిన గాలి."

లాస్య తాతగారిని, నువ్వు జరుగు అని పక్కకి తోసింది. గోడకి నోరానించి, తను పొద్దున ఇడ్లీ తినలేదని, తినకపోయినా అమ్మ కొట్టలేదని, కొత్త చెప్పులు కరుస్తున్నాయని మొదలుపెట్టింది. నూకరత్నం పరీక్ష రేపు చేసుకుందామని గుమ్మంలోనే కూర్చుంది. పిల్లలు ఒక్కొక్కరే వచ్చి లాస్య వెనక వరస కట్టారు, అందరికీ చెప్పాల్సినవి ఉన్నాయట. లాస్య మాత్రం జరగలేదు. దానికింకా స్కూల్లో సంగతులు మిగిలే ఉన్నాయి.